చుక్క పడ్డంక

నాకు మూడు భాషలు వచ్చునని నేను చెప్పుకోని మనిషి మా ఆఫీసులో లేడు. తెలుగు సరే సరి. ఇంగ్లీషులో టైపు హయ్యరు ప్యాసయ్యాను. డిగ్రీ అయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక హిందీ పరీక్షలు వరసగా మూడు రాసి, పటం కట్టించుకోదగ్గ సర్టిఫికెట్లు సంపాదించాను. మాది కృష్ణా జిల్లా నుంచి వచ్చి సత్తుపల్లి పక్కన పొలాలు కొనుక్కుని స్థిరపడ్డ కుటుంబం. ఆ ఇంట్లోంచి ఉద్యోగానికి బయల్దేరిన మొదటి ఆడపిల్లను నేనే. ఆ గీర నా నడకలోనే కనిపించేదని మా అమ్మ అనేది. నాకైతే అది గీర అని అప్పట్లో తెలియదు, తెలివి అనుకునేదాన్ని.

పోస్టింగు వచ్చింది మాత్రం భద్రాచలానికి పైన, దుమ్ముగూడెం పోయే దారిలో, గోదావరి ఒడ్డున ఒక ఊళ్ళో. తాలూకాలు ఇంకా మండలాలు కాని రోజులవి. రెండు గదుల పెంకుటింట్లో ఆఫీసు, అందులో నా టైపు మిషను, దాని ముందు నేను. ఊళ్ళో వాళ్ళకు నా పేరుతో పని పడలేదు. వచ్చిన వారానికే టైపమ్మ అని పెట్టేశారు, ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అదే నా పేరు.

నేను చేరిన రెండో చలికాలంలో ఆకాశంలో లైట్లు కనిపించాయి. ఏటికి అవతల, పడమటి గుట్టల మీద, ఒక పెద్దదీ దాని పక్కన రెండు చిన్నవీ. చప్పుడు లేదు. కాసేపు కదలకుండా నిలబడి, తర్వాత మూడూ కలిసి దక్షిణం వైపు జరిగి ఆరిపోయేవట. అట అని ఎందుకంటున్నానంటే నేను చూడలేదు. నా కిరాయి గదికి ఉన్న ఒక్క కిటికీ తూర్పు వైపుకు. పొద్దు పోకముందే తలుపేసుకుని వంట చేసుకుని పడుకునేదాన్ని. ఊరంతా చూసి, నేనొక్కదాన్నే చూడలేదన్న ఉక్రోషం నాకు ఇప్పటికీ పోలేదు.

పది రోజుల పాటు ఇదే ముచ్చట. హెలికాప్టరు అన్నారు, దేవుడు అన్నారు, అవతలి గట్టున బొగ్గు బావుల లైట్లని ఇంకొందరన్నారు. అత్తగారింటికి వచ్చిన బావి కార్మికుడొకాయనకు ఈ చివరి మాటతో ఎక్కడలేని కోపం వచ్చింది. "మా బాయిల లైట్లు నాకు తెల్వదా? పదిహేనేండ్లాయె అండ్ల దిగవట్టి. గవి మా లైట్లు గావు," అని హోటలు ముందు నిలబడి వాదించాడు. ఖమ్మం నుంచి వచ్చే ఆఖరి బస్సు డ్రైవరు మాత్రం దడుచుకుని రెండు రోజులు సెలవు పెట్టాడు. ఆ రెండు రోజులూ బస్సు రాకపోవడంతో సంగతి పేపరుకెక్కింది. పేపర్లో పడ్డ రెండు వారాలకు మిలిటరీ జీపు వచ్చింది.

అందులోంచి ఇద్దరు దిగారు. పెద్దాఫీసరుకు నెరిసిన మీసాలు, తక్కువ మాటలు. చిన్నాఫీసరుకు కళ్ళద్దాలు, చంకలో ఎప్పుడూ ఒక లావుపాటి పుస్తకం. ఇద్దరిదీ ఉత్తరాది. ఇద్దరికీ తెలుగు ఒక్క ముక్క రాదు. చూసినవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి వాంగ్మూలాలు తీసుకోవాలి, వాటిని ఇంగ్లీషులో టైపు కొట్టించాలి. మూడు భాషలూ వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారా అని మా ఆఫీసులో అడిగారు. మా హెడ్‌క్లర్కు తల తిప్పకుండానే వేలు నా వైపు చూపించాడు. నా డప్పు నేను కొట్టుకున్నందుకు దక్కిన ఫలం అది.

ట్రావెలర్స్ బంగళా వరండాలో బల్ల వేశారు. మా అటెండరు టైపు మిషనును సైకిలు క్యారేజీకి కట్టి, పసిపిల్లను పట్టుకున్నట్టు ఒక చేత్తో పట్టుకుని నడిపించుకొచ్చాడు. మొదటి పొద్దునే చిన్నాఫీసరు నన్ను కూర్చోబెట్టి పని సంగతి చెప్పాడు. ఆయన హిందీ జలజలా పోయేది, నాది పరీక్ష పేపరు హిందీ. అయినా అర్థమైంది.

ఇలాంటి లైట్ల కబుర్లు చాలాచోట్ల నుంచి వస్తాయట. సగానికి పైగా చివరికి అది సందెచుక్కే, అంటే శుక్ర గ్రహమే అని తేలుతుందట. ఆ నెలలో సందెచుక్క పడమట బాగా మెరుస్తోంది. గుట్టల మీద మంచు తెర ఉంటే అది వణుకుతుంది, రంగులు మారుతుంది, ఒకటి రెండుగా కూడా కనిపిస్తుంది. ఆయన చంకలో పుస్తకం నిండా ఏ రోజు ఏ గ్రహం ఎప్పుడు అస్తమిస్తుందో లెక్కలే. ఆ రోజుల్లో ఎనిమిదిన్నరకు అటూ ఇటూగా అది గుట్టల వెనక్కి దిగిపోతోంది. అందుకని లైట్లు చూసిన సమయమే అన్నిటికంటే ముఖ్యం అన్నాడు. అది దిగిపోక ముందు చూస్తే వాళ్ళు చూసింది చుక్కనే. దిగిపోయాక చూశామని ఎవరైనా గట్టిగా చెబితే అప్పుడు ఆలోచించాలి. నేను అంతా తెలిసినదానిలా తల ఊపాను.

సమయం అడిగితే మా ఊరివాళ్ళు ఏం చెబుతారు? ఒకరు "బువ్వ తిన్నంక" అన్నారు. ఒకరు "రేడియోల పాటలొచ్చే యాళ్ల" అన్నారు. "బస్సు రాకముందు," అంది ఒకామె. ఆ బస్సు ఏడింటికి వచ్చిన రోజూ ఉంది, పదింటికి వచ్చిన రోజూ ఉంది. బస్సు డ్రైవరునే అడిగితే, భయంలో గడియారం వంక ఎవరు చూస్తారమ్మా అని నన్నే ఎదురడిగాడు. చిన్నాఫీసరు పెన్సిలుతో బల్ల మీద కొట్టుకుంటూ కూర్చున్నాడు. సమయం అన్న గడి అందరి కాగితాల్లోనూ ఖాళీగానే ఉంది.

రెండో రోజు పదకొండింటప్పుడు గేజీ ఆయన వచ్చాడు. ఏటి ఒడ్డున రాతిమెట్ల పక్కన నీళ్ళ మట్టం చూసే కొలబద్ద ఉండేది, దాన్నే గేజీ అనేవాళ్ళు. వేళకు దాన్ని చూసి పుస్తకంలో రాయడం, కింద భద్రాచలానికి కబురు పంపడం ఆయన పని. వరదొస్తే గంటగంటకూ చూడాలి, మిగతా రోజుల్లో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చూసి, రాత్రి అక్కడే గుడిసెలో పడుకోవాలి. నలభై ఐదేళ్ళుంటాయేమో. ఇంట్లో కోయమాట, బయట తెలుగు. అంకెలు చక్కగా రాసేవాడు, చదివేవాడు. అక్షరాలు మాత్రం తన సంతకం మటుకే. పన్నెండేళ్ళుగా టెంపరరీ.

ఉతికిన చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. బల్ల దగ్గరికి పోకుండా ముందు నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"దీంతోని నా పనికేం గాదు గద, టైపమ్మా? ఈపారి పర్మినెంటు లిస్టుల నా పేరున్నదంటున్రు."

"ఎందుకవుతుంది? చూసింది చూసినట్టు చెప్పు. నేనున్నాగా," అన్నాను.

నేనున్నాగా అన్న ఆ మాట అంత ధీమాగా ఎందుకన్నానో నాకే తెలియదు. ఆయన మాత్రం అది పట్టుకుని నిశ్చింతగా వెళ్ళి కుర్చీ అంచున కూర్చున్నాడు.

ఆయన చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ వరస తప్పకుండా గుర్తున్నాయి. "పొద్దు పడ్డంక గేజీ సూసిన. బుక్కుల రాసిన. బువ్వ తిన్న. ఎనక మెట్ల మీద కూసున్న. చుక్క పడ్డంక అవి అగుపడ్డయి. శానసేపు గాదు, చుక్క పడ్డంక ఎంటనే."

వెనక నిలబడ్డ మా అటెండరు కిసుక్కున నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను. బువ్వ తిని, ఏటి ఒడ్డున కూర్చుని, చుక్క పడ్డాక లైట్లు కనిపించాయట. ఒకటేం ఖర్మ, మూడు కనిపిస్తాయి. మా వైపు చుక్క పడటమంటే ఒకటే అర్థం, గొంతులో పడటం. నేను హిందీలో చెప్పాను, మందు పుచ్చుకున్న వెంటనే చూశాడట అని. పెద్దాఫీసరు మొదటిసారి తలెత్తి చూశాడు. ఎంత పుచ్చుకున్నాడో కనుక్కోమన్నాడు.

"ఎంత?" అని అడిగాను. ఒక్క మాటే అడిగాను.

గేజీ ఆయన చెయ్యి ముందుకు చాచి రెండు వేళ్ళు అడ్డంగా పెట్టి చూపించాడు. "గింత. రెండు వేళ్ళ మందం."

పెద్దాఫీసరు పెద్దగా నవ్వాడు. మా మెస్సులో కూడా ఇదే కొలత అన్నాడు. చిన్నాఫీసరూ నవ్వాడు, నేనూ నవ్వాను. అందరూ నవ్వుతున్నారు కదా అని గేజీ ఆయన కూడా నవ్వాడు.

చిన్నాఫీసరుకు ఇంకేదో అడగాలని ఉంది. పుస్తకం తెరిచి నా వైపు తిరిగాడు కూడా. ఈయనతో ఇక చాలు, తర్వాతి మనిషిని పిలవమని పెద్దాఫీసరు చెయ్యి ఊపాడు. వాంగ్మూలం కొట్టాక చదివి వినిపించాలన్నది రూలు. నేను కాగితం చేతిలో పట్టుకుని తెలుగులో చదివాను. పొద్దు పడ్డాక గేజీ చూశావు, బువ్వ తిన్నావు, చుక్క పడ్డ వెంటనే లైట్లు కనిపించాయి, రెండు వేళ్ళ మందం. ఇంతేగా అన్నాను. "అవ్, గంతే," అన్నాడు. నాలుగు అక్షరాల సంతకం రెండు నిమిషాల సేపు పెట్టాడు. దాని కింద, సాక్షికి అతని భాషలో చదివి వినిపించడమైనది అని ఉన్నచోట నేను గీకినట్టు సంతకం పెట్టేశాను. ప్రభుత్వ పని చేసేవాళ్ళదైతే ఒక కాపీ వాళ్ళ పై ఆఫీసుకు పంపాలి. ఆ కాపీని నేనే కవర్లో పెట్టి అంటించాను.

మూడో రోజు జీపు వెళ్ళిపోయింది. పెద్దాఫీసరు నన్ను మెచ్చుకుంటూ మా ఆఫీసుకు ఒక ఉత్తరం ఇచ్చి మరీ వెళ్ళాడు. ఆ ఉత్తరాన్ని నేను మా నాన్నకు కూడా పంపాను. లైట్లు అప్పటికే ఆగిపోయాయి. ఊరు వేరే ముచ్చట్లలో పడింది.

నెల రోజులకు ఒక మధ్యాహ్నం గేజీ ఆయన మా ఆఫీసు అరుగు దగ్గరికి వచ్చి, చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తీసి ఇచ్చాడు. "పనిలకు రావద్దన్నరు, టైపమ్మా. ఇండ్ల ఏం రాసిన్రో సదువు." అది ఇంగ్లీషు మెమో. డ్యూటీలో ఉండి మద్యం సేవించినట్టు నీవే మిలిటరీ అధికారుల ముందు ఒప్పుకున్నావు, కనుక నిన్ను ఎందుకు తీసేయకూడదో చెప్పు అని ఉంది. పర్మినెంటు లిస్టులోంచి పేరు ఆపినట్టు కూడా ఉంది. నేను తెలుగులో చదివాను.

"నేను తాగిన్ననా? ఎవలు జెప్పిన్రు?"

"నువ్వే చెప్పావుగా."

"నేనేం జెప్పిన?"

"చుక్క పడ్డాక అన్నావు."

ఆయన నా మొహంలోకి చూశాడు. నేను పరాచికాలాడుతున్నానేమోనని చూశాడనుకుంటాను. తర్వాత చెయ్యెత్తి ఏటి అవతలికి చూపించాడు. మిట్టమధ్యాహ్నం, అక్కడ గుట్టలు తప్ప ఏమీ లేవు.

"చుక్క, టైపమ్మా. ఆకాశం మీది చుక్క. పొద్దు పడితే పొద్దు పడ్డదంటం. చుక్క పడితే చుక్క పడ్డదంటం. ఇంకేమంటరు?"

"మరి రెండు వేళ్ళన్నావు?" అన్నాను, ఇంకా ఏదో దొరక్కపోతుందా అని.

ఆయన చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, రెండు వేళ్ళు గుట్టల అంచు మీద అడ్డంగా ఆనించాడు. "గుట్ట మీదికెల్లి ఇంత ఎత్తున ఉన్నయి. నువ్వు ఎంత అనడిగితివి, నేను జెప్పితి."

ఇంకో మాట కూడా అన్నాడు. "పండుగకు తాగుత. అబద్ధమెందుకు. గేజీ కాడ తాగ. తాగి ఆ మెట్లు దిగినోడు మల్ల మీదికి రాడు."

ఆయన వెళ్ళాక నా దగ్గర మిగిలిన కార్బన్ కాపీ తీశాను. రెండో లైనులో పొద్దు పడ్డంక అన్నదాన్ని సూర్యాస్తమయం తర్వాత అని సరిగ్గా కొట్టాను. ఐదో లైనులో చుక్క పడ్డంక అన్నదాన్ని మందు తాగాక అని కొట్టాను. ఒకే మనిషి, ఒకే నిమిషం, ఒకే క్రియ. పొద్దు పడితే సూర్యుడన్నాను, చుక్క పడితే సారా అన్నాను. చిన్నాఫీసరు మొదటి పొద్దున నాకు అరగంట నూరిపోసింది ఆ చుక్క గురించే. ఊరు మొత్తం మీద సమయం కచ్చితంగా చెప్పినవాడు ఆయనొక్కడే, అదీ వాళ్ళ పుస్తకం అడిగిన తీరులోనే. తెలియక చేశానని అనుకోవాలని చాలా ప్రయత్నించాను. కాని అదే మాట మా హెడ్‌క్లర్కు చెప్పి ఉంటే నేను రెండోసారి అడిగి ఉండేదాన్ని. అడవి మనిషి కనుక అడగలేదు. ఏటి ఒడ్డున రాత్రిపూట కూర్చున్న కోయాయన తాగే ఉంటాడని ఆయన నోరు తెరవకముందే నేను రాసి పెట్టుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మర్నాడు హెడ్‌క్లర్కుతో చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆయన సంతకం ఉన్నది. సదివి వినిపించిన్నని నీ సంతకం ఉన్నది. ఇప్పుడు తప్పని రాస్తే రెండు సంతకాలూ అబద్ధమైతయి. నీ ప్రొబేషనే ఇంకా డిక్లేర్ కాలే. జర ఆగమ్మా, ఆయన్నే జవాబు రాసుకోనీ," అన్నాడు.

నేను ఆగాను. పదకొండు రోజులు ఆగాను. పొరపాటుకైతే క్షమ ఉంటుందేమో గాని ఆ పదకొండు రోజులకు లేదు. రోజూ పొద్దున మిషను ముందు కూర్చుని, ఇవాళ కొడదాం అనుకుని, వచ్చిన ఫైళ్ళు కొట్టుకుంటూ కూర్చునేదాన్ని. గేజీ ఆయన రెండుసార్లు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఏమీ అడగలేదు, కాసేపుండి వెళ్ళిపోయాడు. అడిగి ఉంటే కసురుకునేదాన్నేమో కూడా. అప్పట్లో నాకు తప్పు చేసినప్పుడే కోపం ఎక్కువగా వచ్చేది.

పన్నెండో రోజు పొద్దున ఏటి దారిన వస్తున్నాను. మెట్ల మీద కొత్త కుర్రాడొకడు పుస్తకం పట్టుకుని గేజీ చూస్తున్నాడు. కింది మెట్టు దాకా దిగడానికి బద్ధకించి, పై నుంచే వంగి ఒక అంకె రాసుకుని వెళ్ళిపోయాడు. పక్కన గట్టు మీద గేజీ ఆయన కూర్చుని వాణ్ణే చూస్తున్నాడు. కోపంగా కాదు, తన పనిని ఎవరో పాడు చేస్తుంటే చూసే మనిషి చూపు అది. నేను తిన్నగా ఆఫీసుకు పోయి, బ్యాగు కూడా దించకుండా కాగితం ఎక్కించాను.

తప్పు నాది అన్న ఒక్క వాక్యం ఇంగ్లీషులో కొట్టడానికి నాలుగు కాగితాలు పాడు చేశాను. అయ్యాక ఆయన్ని పిలిచి తెలుగులో చదివాను, ఈసారి ప్రతి మాటా విడగొట్టి అర్థం అడుగుతూ. చివర "తప్పు నాదే అన్నా," అన్నాను. ఆయనను అన్నా అనడం అదే మొదలు.

"సదువుకున్నోళ్ళకు గూడ ఇట్ల అయితదా?" అన్నాడు. దెప్పిపొడుపు లేదు, నిజంగానే అడిగాడు.

ఒక కాపీ మిలిటరీ వాళ్ళ అడ్రసుకు పోస్టులో వేశాను. రెండోది పట్టుకుని, సెలవు పెట్టి, పొద్దుటి బస్సులో ఆయన పై ఆఫీసుకు ఖమ్మం వెళ్ళాను. మిరప మార్కెట్టుకొచ్చే రోజులు. బస్సు యార్డు పక్కగా పోతుంటే అందరం తుమ్ముకుంటూ దిగాం. అక్కడి ఇంజనీరు ఉత్తరం చదివి నవ్వలేదు. అదొక్కటే ఆయనలో నాకు నచ్చింది. చదివి ఒక ప్రశ్న వేశాడు. "అయితే ఈయన చుక్కలు చూసి టైము రాస్తున్నాడా? మేమిచ్చిన టైంపీసు ఏమైంది?"

టైంపీసు చెడిపోయి రెండేళ్ళు. చెబితే తన మెడకే చుట్టుకుంటుందని ఆయన చెప్పలేదట. ఆ సంగతి నాకూ అప్పటిదాకా తెలియదు. తాగుబోతు కాదని చూపించబోయి, ఆయన గడియారం లేకుండా డ్యూటీ చేస్తున్నాడని నేనే కాగితం మీద పెట్టి ఇచ్చాను. ఇంజనీరు పాత పుస్తకాలు తెప్పించి, కింద భద్రాచలంలో రాసిన లెక్కలతో పక్కపక్కన పెట్టించాడు. ఆ పని పూర్తవడానికి నెల పట్టింది. ఆ రెండేళ్ళలో ఒక్క వేళ కూడా తప్పు దొరకలేదు.

మెమో రద్దయింది. ఆయన్ని మళ్ళీ పనిలోకి తీసుకున్నారు, టెంపరరీగానే. పర్మినెంటు లిస్టు ఆ నడుమనే ఆయన పేరు లేకుండా వెళ్ళిపోయింది. మళ్ళీ లిస్టు వచ్చింది నాలుగేళ్ళకు. పనిలోకి తీసుకున్న ఆర్డరులో ఆఖరున ఒక షరతు ఉంది. ఇకమీదట సొంత ఖర్చుతో చేతి గడియారం ఉంచుకోవాలి, అది చూసి మాత్రమే సమయం రాయాలి, చెప్పాలి. దాన్ని ఆయనకు చదివి వినిపించింది కూడా నేనే.

నా ప్రొబేషను ఆరు నెలలు ఆలస్యమైంది. అంతకంటే ఏమీ కాలేదు నాకు. ఆ సంగతి కూడా చెప్పాలి.

వేసవిలో చిన్నాఫీసరు నుంచి నాకొక ఉత్తరం వచ్చింది. నా ఉత్తరం చేరేసరికే ఫైలు మూసేశారట. వాళ్ళు చూసింది సందెచుక్కే అని తేల్చి పైకి పంపేశారట. ఆయన మాత్రం మళ్ళీ పుస్తకం తీసి చూశాడట. గేజీ ఆయన చెప్పిన రోజున చుక్క ఎనిమిదిన్నరకు గుట్టల వెనక్కి దిగిపోయింది, లైట్లు ఆ తర్వాతే కనిపించాయి, కాబట్టి ఆయన చూసింది చుక్క కాదు, మరేమిటో తను చెప్పలేడు. ఆ ఒక్క వాంగ్మూలం సరిగ్గా వచ్చి ఉంటే తాము ఇంకో పది రోజులు ఉండేవాళ్ళమని రాశాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

ఉత్తరం పట్టుకుని సంబరంగా ఏటి దగ్గరికి పోయాను. గేజీ ఆయన మెట్ల మీద కూర్చుని పుస్తకంలో గీతలు గీసుకుంటున్నాడు. నిలబడే అంతా చదివి, అర్థం చెప్పాను.

"ఇది మా ఆఫీసుకు పోతదా?" అన్నాడు.

"పోదు. నాకు రాసిందే."

"మల్ల ఎందుకు రాసిండు?"

"నువ్వు చెప్పింది నిజమని, అన్నా."

"అది నాకు తెల్సు గద, టైపమ్మా," అని మళ్ళీ గీతల మీదికి వంగాడు.

ఆ తర్వాత ఐదేళ్ళు ఆ ఊళ్ళోనే ఉన్నాను. మా ఇద్దరి మధ్యా కోపతాపాలేమీ లేవు. దారిలో కనిపిస్తే పలకరించేవాడు, సీజనులో తునికి పండ్లు పంపేవాడు. చేతికి గడియారం రాకముందు, ఆకాశంలోకి చూసి వేళ చెప్పమని ఊరివాళ్ళు ఆయన్ని ఆటపట్టించేవాళ్ళట. పిల్లలకోడి చుక్కల గుంపును బట్టి ఆయన చెప్పిన వేళ రేడియోలో చెప్పే వేళతో సరిపోయేదట. ఇదంతా నేను ఆలస్యంగా విన్న సంగతి. నా ముందు ఆయన ఒక్కసారి కూడా అలా చెప్పలేదు.

బదిలీ అయి వెళ్ళిపోయే ముందు రోజు, మళ్ళీ ఒక చలికాలం సాయంత్రం, చెప్పి వెళ్దామని మెట్ల దగ్గరికి పోయాను. చీకటి పడి గంట దాటింది. పడమట, గుట్టల మీద చుక్క పెద్దగా వెలుగుతోంది. కాసేపు ఆయన పిల్లల గురించి మాట్లాడుకున్నాం. ఊరికే, ఆయన నోట వినాలనిపించి, వేళెంతయిందన్నా అని అడిగాను.

ఆయన టార్చిలైటు తీసి, ఎడమ చేతి గడియారం మీద వేసి, వంగి చూశాడు.

"ఏడూ నలభై, టైపమ్మా."

"చుక్క పడటానికి ఇంకా చాలాసేపు ఉంది కదూ?" అన్నాను.

ఆయన తల పైకెత్తలేదు. టార్చి ఆర్పి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"నాకు తెల్వదమ్మా," అన్నాడు.